కొంగు తీసి చెప్పిన కథ

ఖిలా వరంగల్,
నవంబరు 19

సుకన్యక్కకు, నీ చెల్లె వినోద రాస్తున్నది.

ముందే చెప్తున్నాను, నా రాత చూసి నవ్వకు. అక్షరాలు వంకరపోతున్నాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో చాలాచోట్ల గుర్తు రాలేదు. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువు. ఐదో తరగతితో బడి మానేశాక నేను రాసినవి దుకాణంలో చిట్టీలే. స్టీలు గిన్నెలు కొన్నవాళ్ళు ఏ పేరు చెప్తే ఆ పేరు చిన్న కాగితం మీద రాసి మామయ్యకు ఇస్తాను. ఆయన మిషనుతో గిన్నె మీద చెక్కుతాడు. ఇంత పెద్ద కాగితం నిండా రాయడం నాకు ఇదే మొదలు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోను పూజ వాళ్ళ నాన్న దగ్గర ఉంటుంది. నాకిస్తే స్పీకర్ పెట్టి ఇస్తారు, దుకాణంలో ఉన్నవాళ్ళందరూ వింటారు. అందుకే మన ఊరి ఉప్పలయ్య కాకను బతిమాలాను. మంగళవారం కూరగాయలు అమ్ముకుని పోతూ మా ఇంట్లో మంచినీళ్ళు తాగుతాడు కదా, ఆయన చేతికే ఇస్తున్నాను.

పూజకు రెండేళ్ళ ఐదు నెలలు నిండాయి. ఇంకా ఒక్క మాట రాలేదు అక్కా. అమ్మ అని కూడా అనదు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయి చూపిస్తుంది. పక్కింటి పిల్ల దీనికన్నా చిన్నది, గోడ అవతల నిలబడి "ఆంటీ, ఇయ్యాలేం కూర?" అని నన్ను అడుగుతుంది. ఆ గొంతు వినబడితే నేను లోపలికి పోతున్నాను.

అత్తమ్మ నాతో, "మా తమ్మునికి నాలుగేండ్లకు మాటలొచ్చినయ్. ఇప్పుడు ఆపమన్నా ఆపుతలేడు. నువ్వు ఊకె ఫికర్ జేయకు" అంటుంది. ఇంటికి వచ్చినవాళ్ళతో మాత్రం, "తల్లి నోరు తెరుస్తే గదా పిల్ల తెరిచేది" అంటుంది. అందులో అబద్ధం లేదు. నా సంగతి నీకు తెలుసు. పెద్దవాళ్ళ ముందు మాట్లాడాలంటే కొంగు దానంతట అదే మూతి మీదికి వస్తుంది. ఎత్తుపళ్ళని చిన్నప్పుడు వెక్కిరించిన వాళ్ళంతా నా ఎదురుగానే నిలబడ్డట్టుంటుంది.

నీ అంగన్‌వాడీలో పిల్లలకు కథల పుస్తకాలు చదువుతావని, మాటలు రానివాళ్ళకు కూడా వస్తాయని అమ్మ చెప్పింది. నాలాంటిది చదివినా వస్తాయా? ఒక్క పుస్తకం పంపు. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదువుతాను. నేను ఎప్పుడూ ఎదురుగా కూర్చునే పిలుస్తాను దాన్ని.

నీ చెల్లె
వినోద


మన ఊరు, నర్సంపేట మండలం,
నవంబరు 26

వినోదకు అక్క ఆశీస్సులు.

నీ రాతకు ఏమైందే? మా సూపర్‌వైజర్ రాత కన్నా నయం. ఉత్తరం చూసి మీ అమ్మ, మా సమ్మమ్మ పిన్ని, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చదివి వినిపించమంటే పైపైన వినిపించాను, భయపడుతుందని.

పుస్తకం పంపుతున్నాను. ఏనుగు తొట్టిలో స్నానం చేసే కథ. ఎనిమిది పేజీలు, పేజీకి ఒకే వాక్యం. నువ్వు ఆ వాక్యం చదవకపోయినా నష్టం లేదు. చదవడం అంటే పరీక్షలో చదివినట్టు అనుకుంటున్నావు, అది కాదు. బొమ్మ మీద వేలు పెట్టు. "ఇదెవరు?" అని అడుగు. అడిగి ఊరుకో, మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు తెరవకు. మనం చేసే తప్పు అదే, అడిగిన మరుక్షణం మనమే జవాబు చెప్పేస్తాం. పిల్ల ఏం చేసినా, వేలు చూపినా, ఊ అన్నా, అదే జవాబు. దానికి నువ్వు ఒక్క మాట కలుపు. ఏనుగును చూపిస్తే "ఏనుగు, పెద్ద ఏనుగు" అను. రోజూ అదే పుస్తకం చదువు. విసుగు మనకే, వాళ్ళకు రాదు.

మా సెంటర్‌లో అఖిల్ అని ఒకడున్నాడు. నిరుడు ఉలుకూ పలుకూ లేదు. మొన్న ఈ ఏనుగును చూపిస్తే "మా మామ" అన్నాడు. వాళ్ళ మేనమామ వచ్చి నాతో తగువు, "నువ్వే నేర్పినవా టీచరమ్మా?" అని. పిల్లలందరూ ఒకటే నవ్వు.

దిగులు పెట్టుకోకు. ఏడో నెలలో పూజ తల్లీబిడ్డల కార్డులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "పిలిస్తే తిరుగుతుంది" అన్న చోట నా చేత్తో నేనే టిక్కు పెట్టాను. నువ్వు ఆ రోజు పిన్ని వాళ్ళ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్నావు, గుర్తుందా?

అక్క
సుకన్య


ఖిలా వరంగల్,
జనవరి 7

సుకన్యక్కా,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. మధ్యాహ్నం అత్తమ్మ పడుకున్నాక మా అర్రలో తలుపు దగ్గరగా వేసుకుని చదువుతాం. మొదటి వారం పుస్తకాన్ని కొరికింది. అంచు మీద పంటి గాట్లు పడ్డాయి, కోప్పడకు. రెండో వారం ఏనుగు తొండాన్ని వేలితో గీసింది. ఇప్పుడు తనే పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేస్తుంది. ఒళ్ళో మాత్రం కూర్చోదు. ఎదురుగా వచ్చి నా మోకాళ్ళ మీద చేతులు పెట్టి నా ముఖం చూస్తుంది.

కప్ప తొట్టిలోకి దూకే పేజీలో నేను "బుడుంగ్" అంటాను. మొన్న పది లెక్కపెడుతుంటే, ఏడు దగ్గర, పూజ పెదాలు రెండూ కలిపి విప్పింది. బు అన్నట్టే. శబ్దం రాలేదు. కానీ పెదాలు అచ్చం అట్లాగే పెట్టింది. నాలాగే దీనికీ సిగ్గేమో అనుకుని ముద్దుపెట్టుకున్నాను. తర్వాత అమ్మ అన్నాను. మళ్ళీ పెదాలు కలిపింది. సంతోషానికి ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఆపుకోలేక పూజ వాళ్ళ నాన్నకు చెప్పాను. అదే తప్పయింది. ఆయన మామయ్యకు చెప్పాడు. ఆదివారం దుకాణం కట్టేశాక అందరూ కూర్చుని, ఏదీ చదువు, చూద్దాం అన్నారు. కొంగు మూతి మీదికి వచ్చేసింది. అట్లాగే చదివాను. గట్టిగానే చదివాను అక్కా, బుడుంగ్ అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినబడింది. పూజ ఏమీ చేయలేదు. కొంగును చూసింది. చెయ్యి చాపి లాగింది. నేను మళ్ళీ కప్పుకున్నాను. పుస్తకం అవతల పడేసి వెళ్ళి మామయ్య మిషను పక్కన కూర్చుంది.

మామయ్య నవ్వాడు. "కొంగులకెల్లి చదువుతే కొంగుకే ఇనబడ్తది బిడ్డా" అన్నాడు.

అత్తమ్మ, "ఇన్ని దినాలు తలుపులేసుకొని ఇదేనా నేర్పింది? పుస్తకాలతోని మాటలొస్తే ఇగ మేమంతా మూగోళ్ళమై ఉండాలె" అంది.

ఆ మిషను గుర్రుమని మోగుతుంటే పక్కింటి పిల్ల చెవులు మూసుకుని పరుగెత్తుతుంది. పూజ దాని పక్కనే ఆడుకుంటుంది. ధైర్యం గల పిల్ల అని మామయ్యకు గర్వం.

అర్రలో వచ్చింది అందరి ముందు ఎందుకు రాలేదు? నేను చదవడంలో ఏం తప్పు చేశాను?

వినోద


మన ఊరు,
జనవరి 14

వినోదా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఈసారి కబుర్లు లేవు. నేను చెప్పే మూడు పనులు చెయ్యి.

ఒకటి. అర్రలో ఎదురుగా కూర్చుని కొంగు తీసి బుడుంగ్ అను. గొంతు రానివ్వకు, పెదాలు మాత్రం కదుపు. ఏం చేస్తుందో చూడు.

రెండు. కొంగు అడ్డం పెట్టుకుని అదే మాట ఎంత గట్టిగా అనగలవో అంత గట్టిగా అను.

మూడు. పిల్ల ఆటలో ఉన్నప్పుడు, తనకు కనబడకుండా వెనక నిలబడి, మీ దుకాణంలో పెద్ద గంగాళం ఏదైనా ఉంటే అది కింద పడెయ్యి. నీ నీడ పడకుండా చూసుకో. నేల అదరకుండా గోనెసంచి మీద పెట్టిన పళ్ళెం మీదికి పడెయ్యి.

అయ్యాక ఉన్నది ఉన్నట్టు రాయి. ఆలస్యం చెయ్యకు.

సుకన్య


ఖిలా వరంగల్,
ఫిబ్రవరి 25

సుకన్యక్కా,

ఆలస్యం చేశాను. నీ ఉత్తరాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూడు వారాలు తియ్యలేదు. ఎందుకని అడగకు.

గొంతు లేకుండా పెదాలు కదిపితే పూజ బు అన్నట్టు పెదాలు పెట్టింది. కొంగు అడ్డం పెట్టుకుని అరిస్తే ఊరికే చూసింది. అరిచింది నేనేనని కూడా దానికి తెలియదు.

గంగాళం పడేశాను. అత్తమ్మ దేవుని గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. రోడ్డు మీద స్కూటర్ ఆపి ఒకాయన లోపలికి తొంగిచూశాడు. పూజ చెంచాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూనే ఉంది. తల కూడా ఎత్తలేదు. అత్తమ్మ పిల్లను చూసింది, నన్ను చూసింది. "ఇదేందే... ఇది ఇనలే?" అని అక్కడే కూర్చుండిపోయింది.

మూడు నెలలు నేను దాని చెవికి కథ చెప్తున్నాననుకున్నాను. అది నా నోరు చూసింది, అంతే.

పూజ వాళ్ళ నాన్న దవాఖానకు తీసుకుపోయాడు. తలకు వైర్లు పెట్టి, నిద్రపుచ్చి చూశారు. రెండు చెవులూ దాదాపు వినబడవట. చెవులకు మిషన్లు పెట్టి, మాటలు నేర్పించాలట. వాటితో కాకపోతే ఆపరేషన్ అన్నారు. డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది. "ఏడాది లోపల తెస్తే బాగుండేదమ్మా. మాటలు పట్టుకునే వయసు ఇదే. ఇప్పుడు ప్రతి నెలా లెక్కే" అంది. ఇంతకుముందు ఎప్పుడూ అనుమానం రాలేదా అని నన్ను అడిగింది. పూజ వాళ్ళ నాన్న నా తరఫున రాలేదన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే మామయ్య బీరువాలోంచి తల్లీబిడ్డల కార్డు తీశాడు. దేవుని పటాల పక్కనే ఉంటుంది ఆ కార్డు. "ఇగో, సర్కారు కాయిదం. పిలుస్తే తిరుగుతది అని రాసుంది. రాసినామె వీళ్ళ అక్కనే. అబద్ధం రాస్తదా? చిన్నప్పుడు ఇనబడ్డ చెవులు ఇప్పుడెట్ల పోతయ్? ఎవలో చేతబడన్నా జేసుండాలె, లేకుంటే ఆ డాక్టరమ్మకే తెల్వదు" అన్నాడు. మిషన్లు పెడితే బజారంతా చెవిటిపిల్ల అంటారని, ఒద్దన్నాడు. కొమురెల్లి మల్లన్నకు మొక్కుకున్నారు.

పూజ వాళ్ళ నాన్నను అడిగాను. "బాపు ఒద్దన్నంక నేనేం జెయ్యాలె?" అని గోడకు చెప్పినట్టు చెప్పాడు.

మామయ్యకు రాసిన మాట మీద ఎంత గురి అంటే, గిన్నె మీద తప్పు పేరు పడితే ఆ గిన్నె తనే ఉంచేసుకుంటాడు, చెరపడు. ఆ ఒక్క టిక్కు ఆయనకు డాక్టరు కన్నా ఎక్కువ.

ఏం చెయ్యను అక్కా?

వినోద


మన ఊరు,
మార్చి 11

వినోదకు,

దీనితో ఇంకో కాగితం ఉంది. మీ మామగారికి ఇవ్వు. ఇచ్చే ముందు నువ్వూ చదువు.

"సదానందం గారికి నమస్కారాలు. పూజ కార్డులో టిక్కులు పెట్టింది నేను. మర్నాడు తనిఖీ ఉందని పద్దెనిమిది మంది పిల్లల కార్డులు మా ఇంట్లో కూర్చుని ఒక్క పూటలో నింపాను. పూజను ఆ రోజు నేను చూడలేదు. ఎవరినీ అడగలేదు. ఆ టిక్కుకు విలువ లేదు. డాక్టరు చెప్పిందే నిజం. దయచేసి ఇంకొక్క రోజు కూడా పోగొట్టకండి. ఈ ఉత్తరాన్ని మీరు ఎవరికి చూపించినా నేను కాదనను. అంగన్‌వాడీ టీచర్ సుకన్య."

చదివావు కదా. ఇచ్చెయ్యి. నా గురించి ఆలోచిస్తూ కూర్చోకు. మీ బావ పోయిన తర్వాత ఈ ఉద్యోగమే నన్ను నిలబెట్టింది, నిజమే. కానీ పిల్ల ముందు అది చిన్న సంగతి.

కథ ఆపకు. కొంగు తీసి చదువు. అత్తమ్మ ఉన్నా, మామయ్య ఉన్నా, బజారు బజారంతా వచ్చి నిలబడినా కొంగు తీసే చదువు. నీ పళ్ళు చూసి ఎవరు నవ్వినా నవ్వనీ. దానికి ప్రస్తుతం నీ నోరే చెవి.

సుకన్య


మన ఊరు,
జూన్ 20

చెల్లెకు,

పూజకు మిషన్లు పెట్టారని ఉప్పలయ్య కాక చెప్పాడు. నా కడుపు చల్లబడింది.

మీ మామగారు నా ఉత్తరం మా ఆఫీసులో ఇచ్చారు. ఇస్తారని తెలిసే రాశాను. ఆయన మీద కోపం పెట్టుకోకు. మనవరాలి చెవి పోతే ఎవరికైనా కడుపు మండుతుంది. విచారణ అయ్యేదాకా సెంటర్‌కు రావద్దన్నారు. తాళంచెవులు ఇచ్చేశాను. తర్వాత కూడా రానివ్వరనే అనుకుంటున్నాను. ఊళ్ళో కొందరు నన్ను చూసి పిల్లలను లోపలికి పిలుచుకుంటున్నారు. పూజ అనే ఇంకో అమ్మాయి ఉంది మా సెంటర్‌లో, అది మాత్రం రోజూ మా ఇంటికి వచ్చి "టీచర్, ఏనుగేది?" అని అడుగుతుంది.

ఏనుగు పుస్తకం సెంటర్‌ది. రిజిస్టర్‌లో ఉంది, అప్పగించాలి. పంటి గాట్లున్నా ఫరవాలేదు, కాకతో పంపు.

ఇంకొక్క మాట. మిరపకాయలు ఆరబోసిన రోజు సంగతి నువ్వు మర్చిపో. నేను మర్చిపోయాను.

సుకన్య


ఖిలా వరంగల్,
జూలై 8

అక్కా,

పుస్తకం పంపుతున్నాను. ఈ కాగితం కప్ప పేజీలో పెడుతున్నాను. పుస్తకం అప్పగించే ముందు మర్చిపోకుండా తియ్యి.

నీ ఉత్తరం మామయ్య మూడుసార్లు చదివాడు. "టిక్కు పెట్టినామెనే తప్పంటే ఇంకేమున్నది" అన్నాడు. మర్నాడు మీ ఆఫీసుకు పోయాడు, ఆ మర్నాడు దవాఖానకు వచ్చాడు. మిషన్లు పెట్టిన రోజు పూజకు ఏదో వినబడింది. నవ్వుతుందనుకున్నాం. ఏడ్చింది. కుక్కరు కూతకు ఏడ్చింది, గిన్నె చప్పుడుకు ఏడ్చింది. మామయ్య పేర్లు చెక్కే మిషను ఆపేసి, గిరాకీలను మధ్యాహ్నం రమ్మంటున్నాడు. నేను ఏనుగు కథ చదివితే నా గొంతు వినబడగానే రెండు చెవుల మీద చేతులు పెట్టుకుంది. మూడేళ్ళు నా నోటిని ఇష్టంగా చూసిన పిల్ల, నా గొంతుకు భయపడింది.

ఇప్పుడు కొంచెం నయం. అందరి ముందూ కొంగు తీసే చదువుతున్నాను. అత్తమ్మ కూడా వచ్చి కూర్చుంటుంది, బుడుంగ్ తనే అంటుంది. మొన్న పూజ గొంతుతో బు అంది. ఒక్కసారే. ఈ మిషన్లు చాలవేమోనని డాక్టరమ్మ అంటోంది. ఎన్ని మాటలు వస్తాయో ఇప్పుడే చెప్పలేనంది. పోయిన రెండేళ్ళు తిరిగి రావంది.

ఇక ఆ రోజు సంగతి. నువ్వు మర్చిపోయానన్నావు. నేను మర్చిపోలేను.

మామయ్యకు రాసిన ఉత్తరంలో పూజను చూడలేదని, ఎవరినీ అడగలేదని రాశావు. నువ్వు వచ్చావు అక్కా. వాకిట్లో స్కూటీ ఆపి, "పిలుస్తే తిరుగుతదా చెల్లె?" అని అడిగావు. తిరుగుతదక్కా అన్నాను. నువ్వు అంతటితో ఊరుకోలేదు. పిల్ల నీకు వీపు చేసి చాప మీద కూర్చుని ఉంటే, పూజా అని పిలిచావు. అప్పుడు నేను చాప అంచును కాలితో లాగాను. పిల్ల ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. నువ్వు నవ్వి టిక్కు పెట్టావు.

నా కాలు నువ్వు చూశావో లేదో అప్పుడు తెలియలేదు. నీ ఉత్తరం చదివాక చూశావేమో అనిపించింది.

నాకు అంతకుముందే తెలుసు. దీపావళికి మన వాడకట్టంతా బాంబులు పేలుతుంటే, ఐదు నెలల పిల్ల నా భుజం మీద నిద్రపోయింది. అమ్మ ధైర్యవంతురాలంది. నేను దాని చెవి దగ్గర చిటికె వేశాను, చప్పట్లు కొట్టాను. ఎవరికీ చెప్పలేదు. నువ్వు కార్డు తెచ్చిన మర్నాడు మా అత్తవారు మమ్మల్ని తీసుకుపోవడానికి వస్తున్నారు. చెవిటిపిల్ల అని తెలిస్తే అక్కడే వదిలేసి పోతారని భయపడ్డాను. తర్వాత రోజుకో సాకు చెప్పుకుని బతికాను. పుస్తకం అడిగింది కూడా అందుకే. కథ చదివితే మాట వస్తే, నేను చేసింది తప్పు కాకుండా పోతుందనుకున్నాను.

మొన్న అత్తమ్మ అంది, "తెలిసి దాచినోళ్ళెవలన్న ఉంటే ఈ గడప తొక్కనియ్య. పిల్లను నేనే సాదుకుంట" అని. నీ గురించే అంది. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నాను.

నేను చెప్పను అక్కా. చెప్తే నీ ఉద్యోగం నిలబడుతుందేమో. కానీ నన్ను పంపించి పిల్లను ఉంచుకుంటారు. అది ఇప్పుడిప్పుడే నా గొంతుకు అలవాటు పడుతోంది. దానికి తెలిసిన నోరు నాదొక్కటే. నీ అన్నం తీసి నా బిడ్డకు కథ చెప్తున్నాను. నన్ను తిట్టు. ఇంకెప్పుడూ నా ముఖం చూడకు.

కానీ ఈ కాగితం మాత్రం ఎవరి కంటా పడనివ్వకు. చదివిన వెంటనే పొయ్యిలో పెట్టు. పూర్తిగా కాలేదాకా అక్కడే నిలబడి చూడు అక్కా.

వినోద